మామునూరు జైలు నక్షాలో ఆ గదికీ చోటివ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీలో నెలకు ఒకటి రెండుసార్లయినా కనిపించే వార్త ఒకటి ఉంది. ‘జైలు నుంచి విడుదలైన కొద్దిరోజులకే మళ్లీ చోరీలు, పాత నేరస్తుడి అరెస్టు’ అన్న శీర్షిక, ముసుగు వేసి నిలబెట్టిన మనిషి, ముందున్న బల్ల మీద పరిచిన బంగారం, సెల్‌ఫోన్లు, పక్కన ఒక మోటారు సైకిలు. చదివినవాళ్లం ‘వీళ్లు మారరు’ అనుకొని పేజీ తిప్పేస్తాం. ఆ మనిషి అంతకుముందు జైలులో గడిపిన నెలల్లో, ఏళ్లలో అతని బుర్రలో ఏం జరిగింది, దాన్ని ఎవరైనా పట్టించుకున్నారా అన్న ప్రశ్న ఆ వార్తలో ఎప్పుడూ ఉండదు. ఆ ప్రశ్న గురించే, కొత్తగా కట్టబోయే మామునూరు జైలులో ఖైదీల ఆలోచనను దిద్దే తరగతికి ఒక గది ఉండాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. వరంగల్ కేంద్ర కారాగారం ఊరి నడుమ ఉన్న రోజుల్లో, చదువు రాని ఖైదీలకు అక్షరాలు దిద్దించడానికి వారానికి రెండు సాయంత్రాలు లోపలికి వెళ్లేవాణ్ణి. నిజాం కాలంలో, 1886లో కట్టిన ఆ జైలును 2021లో కూల్చివేశారు; ఆ స్థలాన్ని పెద్ద ఆసుపత్రికి కేటాయించారు. ఖైదీలను హైదరాబాద్ దగ్గరి చర్లపల్లికి, ఇతర జిల్లాల జైళ్లకు పంపించారు. మన జిల్లాకు కొత్త జైలును మామునూరులో కడతామని ప్రభుత్వం అప్పట్లోనే చెప్పింది. ఆ జైలు ఎంత ఎత్తు గోడలతో ఉంటుంది, ఎన్ని బ్యారక్‌లతో ఉంటుంది అన్నదాని గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. లోపల మనుషులతో ఏం చేస్తాం అన్నదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి, నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

పాత జైలులో ఒకసారి మనస్తత్వశాస్త్రం చదివిన కౌన్సెలర్ ఒకరు కొన్ని వారాల పాటు శిక్షపడిన పదిమంది ఖైదీలతో ఒక తరగతి నడిపారు. వాళ్లలో సగం మందికి రాయడం రాదు. వాళ్లు చెప్పింది రాసిపెట్టడానికి నన్ను కూర్చోమన్నారు. దాన్ని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ అంటారని అప్పుడే విన్నాను. నోటుబుక్కు పేజీ మీద నిలువుగా నాలుగు గీతలు గీసి ఐదు గడులు చేయించారు. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏమనుకున్నాను, ఒంట్లో ఏమనిపించింది, నేనేం చేశాను, ఆ తర్వాత ఏమైంది. ఇంతే.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఉండేవాడు. గెట్టు పంచాయితీలో చిన్నాయన కొడుకును పార కామతో కొట్టి శిక్షపడి వచ్చాడు. మొదటి గడిలో ఏం రాయాలని అడిగితే, “పొద్దుగాల పొలం కాడికి వొయ్యేసరికి గెట్టు మీద నిలవడి నన్ను జూసి ఉమ్మిండు సార్” అన్నాడు. రాశాను. “ఉమ్మినప్పుడు నీ మనసుల ఏమనుకున్నవు?” అని కౌన్సెలర్ అడిగారు. చాలాసేపు తల వంచుకొని కూర్చున్నాడు. అతణ్ణి పోలీసులు, వకీలు, జడ్జీ ఎన్నో అడిగి ఉంటారు గానీ ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు. చివరికి, “నన్ను పురుగు లెక్క జూస్తుండు, ఇయ్యాల ఊకుంటే రేపు నెత్తినెక్కుతడు అనుకున్న” అన్నాడు. అదీ రాశాను. “ఉమ్మడానికి ఇంకేమన్నా కారణం ఉండొచ్చా?” అన్నారు ఆవిడ. వెంటనే కాదు, ఆ తర్వాతి వారం వచ్చి చెప్పాడు: “వాడు చిన్నప్పటి సంది తంబాకు నములుతడు మేడం. ఎవల్ని జూసినా, జూడకపోయినా ఉమ్ముతనే ఉంటడు.” ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు.

అతని కోపం అంతా అబద్ధమని నేను అనడం లేదు. గెట్టు తగాదా నిజమే. చిన్నాయన కొడుకు రెండు సాళ్లు లోపలికి దున్నుకున్నాడేమో కూడా. అయితే ఉమ్మడానికీ పార లేవడానికీ మధ్య ఒక ఆలోచన ఉందనీ, అది తనదేననీ, దాన్ని నమ్మేముందు ఒకసారి తరచి చూడవచ్చనీ నలభై ఏళ్లు దాటిన ఆ మనిషికి అంతవరకు ఎవరూ చూపించలేదు. సీబీటీ చేసేది ఆ చూపించడమే. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దిగులు జబ్బుతో బాధపడేవారి కోసం ఈ పద్ధతికి రూపమిచ్చాడు. జరిగిన సంగతి కంటే, దానికి మనం చెప్పుకునే అర్థమే ఎక్కువసార్లు మనల్ని నడిపిస్తుందన్నది దాని మూలం. నేరం చేసినవారిలో ఆ అర్థాలు కొన్ని అచ్చుల్లో పడి ఉంటాయి. ‘నా ఇజ్జత్ తీసిండు, ఊకుంటే మొగోణ్ణే కాదు’. ‘వాళ్లకేం తక్కువ, ఒక గొలుసు పోతే మునిగిపోతరా’. ‘తాగి ఉన్న, నా చేతుల లేదు’. ‘అందరూ చేస్తుండ్రు, నేనే దొరికిన’. ఈ వాక్యాలను ఆ గదిలో నేను మళ్లీ మళ్లీ రాశాను. మనుషులు వేరు, ఊళ్లు వేరు, వాక్యాలు మాత్రం అవే.

ఇక్కడ పంతులుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు నీతి పద్యాలు చెప్పాను. కోపం చెడ్డదని ఆ ఖైదీలలో ప్రతి ఒక్కరికీ తెలుసు. కొందరికి పద్యాలు కంఠతా కూడా వచ్చు. జైళ్లలో ప్రవచనాలు పెడతారు, యోగా పెడతారు, పండుగలకు పెద్దలు వచ్చి మంచిగా బతకమని చెప్పి పోతారు. వాటిని నేను తక్కువ చేయను. కానీ ఈత మంచిదని తెలిసినంత మాత్రాన బావిలో పడ్డవాడు తేలలేడు కదా. సీబీటీ తరగతిలో ఉపదేశం ఉండదు, సాధన ఉంటుంది. ఇద్దరిని లేపి నిలబెట్టి, ఒకరిని ఇచ్చిన అప్పు అడగవచ్చిన షావుకారుగా, మరొకరిని బాకీదారుగా ఉండమంటారు. గొంతు పెరుగుతున్న చోట ఆపి, ఇప్పుడు నీ మనసులో ఏ మాట నడుస్తోందని అడుగుతారు. మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. మూడోసారికి గొంతు దిగుతుంది. బ్యారక్‌లో ఆ వారం నల్లా దగ్గర జరిగిన జగడాన్నే వచ్చే తరగతికి రాసుకొని రమ్మంటారు. మగ్గం మీద పడుగు, పేక ఎలా పడాలో ఆ జైలులోనే జంపఖానాలు నేసే ఖైదీలు చేతులతో నేర్చుకున్నారు. ఆలోచన కూడా అలాగే చేసి చేసి నేర్చుకోవలసిందే.

ఇది పనిచేస్తుందా అని అడిగే హక్కు పాఠకులకు ఉంది. ఖైదీల పునరావాసం మీద ప్రపంచానికే నమ్మకం పోయిన కాలం ఒకటుంది. 1974లో రాబర్ట్ మార్టిన్‌సన్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త అప్పటిదాకా జరిగిన ప్రయత్నాలను పరిశీలించి, వాటివల్ల చెప్పుకోదగిన ఫలితం లేదన్నాడు. ‘ఏదీ పనిచేయదు’ అన్న నినాదం ఆ వ్యాసం నుంచే పుట్టి, జైళ్లను కేవలం బంధించే చోట్లుగా మార్చాలనేవారికి ఆయుధమైంది. ఐదేళ్లు తిరగకముందే ఆయనే తన మాటను సవరించుకున్నాడు గానీ, సవరణ ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత 1980లలో కెనడాలోనూ అమెరికాలోనూ ఆలోచనా పద్ధతిని దిద్దే కార్యక్రమాలను జైళ్లలోనూ, జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే ప్రొబేషన్‌లోనూ మొదలుపెట్టారు. లాండెన్‌బర్గర్, లిప్సీ అనే పరిశోధకులు 2005లో అలాంటి 58 అధ్యయనాలను కలిపి చూశారు. సగటున, ఈ శిక్షణ లేనివారిలో నూటికి 40 మంది మళ్లీ నేరంలో పడితే, శిక్షణ పొందినవారిలో ఆ సంఖ్య 30కి తగ్గిందని తేల్చారు. ఎవరి విషయంలో ఇది బాగా పనిచేసిందో కూడా వాళ్లు చెప్పారు. మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి విషయంలోనే. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. సాధుస్వభావం ఉన్నవాణ్ణి, అక్షరం ముక్క వచ్చినవాణ్ణి ఏరి తరగతిలో కూర్చోబెడతాం. మొండివాణ్ణి ‘వీడికెందుకు దండగ’ అని బ్యారక్‌లోనే ఉంచుతాం.

ఈ పద్ధతి మందుబిళ్ల లాంటిది కాదని చెప్పకపోతే నేను మీ పాఠకులను మోసం చేసినట్టే. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో లైంగిక నేరస్తుల కోసం ఇదే బాటలో రూపొందించిన ఒక కార్యక్రమాన్ని ఏళ్ల తరబడి నడిపారు. 2017లో వెలువడిన మూల్యాంకనంలో, దాన్ని పూర్తిచేసినవారిలో 10 శాతం, చేయనివారిలో 8 శాతం మళ్లీ లైంగిక నేరాలకు పాల్పడినట్టు తేలింది. ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. నేరగాళ్లను గుంపుగా కూర్చోబెట్టి, సరైన శిక్షణ లేనివారి చేతికి ఇచ్చి, పుస్తకం చదివించినట్టు చదివిస్తే మేలు జరగకపోగా కీడు కూడా జరగవచ్చు. 2021లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చిన సమీక్ష కూడా జైలు లోపలి మానసిక చికిత్సల ఫలితాన్ని ఎక్కువగా అంచనా వేయవద్దనీ, విడుదల తర్వాత కొనసాగింపు ముఖ్యమనీ హెచ్చరించింది.

ఆ కొనసాగింపు మాట దగ్గర నా మనసు ఆగిపోతుంది. ఆ పదిమందిలో ఇంకొక యువకుడు ఉండేవాడు. తరగతిలో అందరికంటే చురుకు. తన ఐదు గడులు తనే నింపుకొనేవాడు, పక్కవాళ్లవీ నింపేవాడు. చిన్న దొంగతనాల కేసుల్లో లోపలికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం అతణ్ణి విడుదల చేశారు. చేతిలో బస్సు చార్జీ, ఒక గుడ్డ సంచి. అన్న ఇంటికి పోతే వదిన తలుపు తీయలేదట. రెండు రాత్రులు వరంగల్ రైల్వే స్టేషన్‌లో పడుకున్నాడు. మూడో వారానికి పోలీసు జీపులో ఉన్నాడు. “ఐదో గడి దాక యాదికే ఉన్నది సార్, ఆకలికి గడి లేదు” అని ఆ తర్వాత ములాఖత్‌లో నాతో అన్నాడు. అతనికి నేను జవాబు చెప్పలేకపోయాను.

జవాబు లేదని కాదు. పశ్చిమాఫ్రికాలోని లైబీరియా రాజధాని మన్రోవియాలో దొంగతనాలు, మత్తుమందుల అమ్మకం చేసి బతికే 999 మంది యువకులతో ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. దాని ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. కొందరికి ఎనిమిది వారాల సీబీటీ, కొందరికి 200 డాలర్ల నగదు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఒకటే అందినవారిలో మార్పు ఎక్కువకాలం నిలవలేదు. రెండూ అందినవారిలో దొంగతనాలు, హింస దాదాపు సగానికి తగ్గాయి. పదేళ్ల తర్వాత వెళ్లి చూసినా ఆ తేడా నిలిచే ఉంది. బుద్ధి మారిన మనిషికి ఆ మార్పును నిలబెట్టుకునే నాలుగు నెలల వ్యవధి కావాలి. ఆ వ్యవధిని డబ్బు ఇస్తుంది, పని ఇస్తుంది, తలుపు తీసే ఇల్లు ఇస్తుంది. మన జైళ్ల శాఖ పెట్రోలు బంకులు నడుపుతోంది, వాటిలో ఖైదీలకూ విడుదలైనవారికీ పని ఇస్తోంది. ఇది నిజంగా మెచ్చుకోవలసిన పని. అదే శాఖ ‘ఉన్నతి’ పేరుతో మనస్తత్వ నిపుణుల ద్వారా ఖైదీల ఆలోచనా ధోరణిని మార్చే కార్యక్రమాన్ని కూడా కొన్నేళ్ల కిందటే చేపట్టింది. అంటే రెండు ముక్కలూ మన చేతిలో ఉన్నాయి. ఒకే మనిషికి ఒకదాని వెంట ఒకటి రెండూ అందేలా చూడడమే మిగిలింది.

మనుషుల కొరత గురించి కూడా చెప్పాలి. 2016 నాటి నమూనా జైలు మాన్యువల్ ప్రకారం ప్రతి 500 మంది ఖైదీలకు ఒక మనస్తత్వ నిపుణుడు ఉండాలి. 2022 లెక్కల్లో దేశం మొత్తం మీద 5.7 లక్షల మంది ఖైదీలకు ఉన్నది 25 మంది. ఈ ఖాళీ పూడేదాకా ఆగితే మామునూరు జైలు గోడలకు నాచు పడుతుంది. అందుకే జైలు వార్డర్ల మీద నాకు ఆశ ఉంది. ఖైదీతో పగలూ రాత్రీ మాట్లాడేది వార్డరే. చంచల్‌గూడలోని జైలు శిక్షణ సంస్థలో వార్డర్లకు ఇచ్చే శిక్షణలో ఈ ఐదు గడుల పద్ధతిని చేర్చి, కొందరిని ప్రత్యేకంగా తీర్చిదిద్ది, వాళ్ల పనిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగం నిపుణులు నెలకోసారి పరిశీలిస్తే, కాకతీయ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ చదివే విద్యార్థులు వాళ్లకు తోడుంటే, పని మొదలవుతుంది. ఒక్కటి మాత్రం మరిచిపోకూడదు. పొద్దున లాఠీ పట్టినవాడు సాయంత్రం ఆ గదిలో ప్రశ్నలు అడిగితే ఎవడూ నిజం చెప్పడు. ఆ పనికి పెట్టినవాళ్లను ఆ పనికే ఉంచాలి.

రిమాండ్ ఖైదీల సంగతి వేరు. 2022 లెక్కల్లో దేశంలోని జైళ్లలో నూటికి 75 మంది విచారణలో ఉన్నవాళ్లే. చట్టం దృష్టిలో వాళ్లు దోషులు కారు. వాళ్లను కేసు గురించి మాట్లాడమనడం అన్యాయం. ఆ మాట రేపు వాళ్లకే ఉరితాడు కావచ్చు. వకీలు కాకపోయినా న్యాయసాయం అందేలా తోడ్పడే పారా లీగల్ వాలంటీరుగా జైళ్లకు వెళ్తున్న నేను ఈ విషయంలో రాజీ పడను. వాళ్లకు కావాలంటే, ఇష్టపడితే, ఇంటి జగడాల మీద, తాగుడు మీద, అప్పుల మీద చిన్న తరగతులు నడపవచ్చు. కేసు మాట ఎత్తకూడదు. ఇక కల్తీ కల్లుకు అలవాటుపడి లోపలికి వచ్చేవాళ్లు ఉత్తర తెలంగాణ జిల్లాలలో ఎందరో ఉన్నారు. మత్తు దొరకని మొదటి రోజుల్లో వాళ్లు వణుకుతారు, నిద్రపోరు, గోడలతో మాట్లాడతారు. వాళ్లకు ముందు కావలసింది డాక్టరు. ఐదు గడులు ఆ తర్వాత.

‘చంపినవాడికి ఇన్ని సేవలా, చచ్చినవాడి ఇంటికి ఎవరు పోయారు?’ అని నన్ను అడిగినవాళ్లున్నారు. అడిగినవాళ్లలో ఒకామె, తాగిన మైకంలో ఉన్న అల్లుడి చేతిలో కూతురిని పోగొట్టుకున్న తల్లి. ఆమె ముందు కూర్చొని గణాంకాలు చెప్పే ధైర్యం నాకు లేదు. బాధితులకు పరిహారం, అండ అందవలసినంత అందడం లేదన్నది నిజం. దాని కోసం వేరుగా కొట్లాడాలి. కానీ ఆ అల్లుడు ఏదో ఒక రోజు బయటికి వస్తాడు. ఇంకొక స్త్రీతో ఇంకొక గదిలో కాపురం చేస్తాడు. ‘నా పెళ్లాం, నా ఇష్టం’ అన్న వాక్యంతోనే బయటికి వస్తాడా, దాన్ని ఎప్పుడైనా ఎవరైనా అతని చేత విప్పించి చూపించారా అన్నది ఆ రెండో స్త్రీకి ప్రాణాంతకమైన ప్రశ్న.

ఈ తరగతికి వచ్చినందుకు శిక్ష తగ్గించవద్దని కూడా నా గట్టి అభిప్రాయం. సర్టిఫికెట్టుకు విడుదల ముడిపెడితే లోపల నటన మొదలవుతుంది. బాధితుల కుటుంబాలకు అది పుండు మీద కారం చల్లినట్టు అవుతుంది. శిక్ష కోర్టు వేసినంత ఉండాలి. ఆ శిక్షాకాలం వృథా పోకూడదన్నదే నా మాట. 1977లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక మోసం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, నేరస్తుణ్ణి మనిషిగా తిరిగి నిలబెట్టడమే శిక్ష లక్ష్యం కావాలని వివరంగా రాశారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం తగిన కేసుల్లో జైలుకు పంపకుండానే పర్యవేక్షణలో దిద్దే వీలు కల్పించింది. దారి చూపే మాటలు మన చట్టంలోనే ఉన్నాయి, వాటిని నడిపించే గది మాత్రం లేదు.

ఇంకొక చిన్న విన్నపం ఉంది. ఖైదీలు చర్లపల్లికి పోయాక, భూపాలపల్లి, ములుగు వైపు నుంచి ములాఖత్‌కు వచ్చే తల్లులు, భార్యలు తెల్లవారుజామున బయల్దేరి కాజీపేటలో రైలు పట్టుకొని, అద్దం అవతల పది నిమిషాలు మాట్లాడి అర్ధరాత్రికి ఇల్లు చేరుతున్నారు. ఒక కూలి పోతుంది, చార్జీలు అదనం. నెలకోసారి పోయేవాళ్లు మూడు నెలలకోసారి పోతున్నారు, తర్వాత మానేస్తున్నారు. ఇంటి మనుషులతో తెగిపోయినవాడికి ఏ తరగతి చెప్పినా ఎంత నిలుస్తుంది? మామునూరు జైలు త్వరగా పూర్తికావాలని నేను కోరడానికి ఇదీ ఒక కారణం.

ఆ పరకాల రైతు శిక్ష ముగించుకొని వచ్చాక ఒక రోజు మా న్యాయసేవా కేంద్రానికి వచ్చాడు. గెట్టు కొలిపించుకోవడానికి తహసీల్దారు కార్యాలయంలో ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టాలట, రాసిపెట్టమన్నాడు. కాగితం కోసం సంచి వెతుకుతుంటే పట్టాదారు పాసుపుస్తకం అట్టలోంచి నాలుగు మడతల పేజీ ఒకటి కిందపడింది. నా దస్తూరీయే. తీసి ఇచ్చాను. మళ్లీ అట్టలోనే పెట్టుకున్నాడు.

కాబట్టి జిల్లా అధికారులకు, జైళ్ల శాఖకు మీ పత్రిక ద్వారా నేను కోరేది ఇది. మామునూరు జైలు నక్షాలో పదిహేను మంది గుండ్రంగా కూర్చునే ఒక గదిని, దాని పక్కన ఏకాంతంగా మాట్లాడుకునే చిన్న గదిని ఇప్పుడే గుర్తించి ఉంచండి. గోడలు లేచాక చోటు దొరకదు. విడుదలయ్యే ప్రతి ఖైదీ విషయంలో మూడు నెలల ముందే అతని ఇంటికి, ఊరికి, పని దొరికే చోటికి ఒక మనిషి వెళ్లి మాట్లాడే ఏర్పాటు చేయండి. రాయడం రానివారి మాట రాసిపెట్టడానికి మనుషులు కావలసివస్తే, నేను మునుపటిలాగే వారానికి రెండు సాయంత్రాలు వస్తాను. నాతోపాటు రావడానికి మరో ముగ్గురు విశ్రాంత ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు.

ఇట్లు,
విశ్రాంత తెలుగు పండితుడు,
హనుమకొండ